తాబేలు గుట్ట గుహ వయసు

రాయి మంచిదో కాదో తేల్చుకోవడానికి జకరయ్య దాన్ని చూడడు, వింటాడు. సుత్తి వెనక వైపుతో ఒక్కసారి తట్టి, తల కొంచెం పక్కకు వంచి నిలబడతాడు. గంటలా మోగితే పనికొస్తుందంటాడు. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుందని వదిలేస్తాడు. నా ఉపన్యాసాలు కూడా అతను అలాగే తల వంచి వినేవాడు. చాలాకాలం నేను దాన్ని గౌరవమనుకున్నాను.

మెదక్ నుంచి చేగుంట రోడ్డు మీద ఊరు దాటగానే ఎడమ చేతికి తాబేలు గుట్ట. దాని కింద ఒక రేకుల పందిరి, పందిరి వెనక రెండు గదుల ఇల్లు. అక్కడ జకరయ్య, అతని భార్య యేసమ్మ ఉంటారు. వాళ్ల తాతల నాటి నుంచీ ఆ గుట్ట రాయే వాళ్ల తిండి. జకరయ్య యవ్వనమంతా రోళ్లు, సన్నికళ్లు, తిరగళ్లు చెక్కాడు. తొంభైల్లో మిక్సీలు వచ్చి ఆ పని అడుగంటింది. తర్వాత అద్దంలా మెరిసే గ్రానైటు పలకలు లారీల్లో దిగి, మెట్లకూ అరుగులకూ కూడా అతన్ని పిలిచేవాళ్లు లేకుండా పోయారు. మిగిలినవి పొలాల కంచెకు పాతే కడీలు, చర్చి సమాధుల తోటలో నిలబెట్టే సిలువలు. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక వాటికి ఊరూరా అమరుల స్తూపాలు తోడయ్యాయి.

"మిక్సీ వచ్చి రోలును సంపింది సారు," అనేవాడు నాతో. "సావును సంపే మిషను ఇంక రాలే. గందుకే బతుకుతున్న."

నేను మెదక్ జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరర్ని. ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర చదివాను. గుహాలయాల స్తంభాల మీద చిన్న సిద్ధాంత వ్యాసం రాశాను. ఎల్లోరా మూడుసార్లు, బాదామి ఒకసారి చూశాను. ఆ తర్వాత పదిహేనేళ్లు ఇంటర్ పిల్లలకు నోట్సు చెప్పాను. లోపల ఒక మహా పండితుడు నిద్రపోతున్నాడని, ఎవరో వచ్చి లేపాలని నా నమ్మకం. లేపడానికి సకల జనుల సమ్మె వచ్చింది.

2011 సెప్టెంబరు. బస్సులు డిపోలో, పిల్లలు ఇళ్లలో, మేము దీక్షా శిబిరంలో. రోజూ ఎవరో ఒకరు మాట్లాడాలి. మాట్లాడేవాళ్లు తక్కువ, రోజులు ఎక్కువ కావడంతో నా వంతు మాటిమాటికీ వచ్చేది. ఒకరోజు గుహాలయాల గురించి మొదలుపెట్టాను. కొండను కట్టరు, తొలుస్తారు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు కాదు, ఉన్నదాంట్లోంచి లేనిదాన్ని తీసేసి గుడిని మిగల్చడం, అని గొంతు పెంచి చెబుతున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి అడిగాడు, ఉండవల్లి, మొగల్రాజపురం, భైరవకోన అన్నీ అటువైపే ఉన్నాయి కదా, మనకంటూ ఏమీ లేవా అని. ఎల్లోరా యాభై ఆరు దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోదేనని చెప్పాను. చప్పట్లు కొట్టారు. కానీ మహారాష్ట్రలో ఉన్న కొండను ఊరేగింపులో మోసుకుపోలేం. ఆ వెలితి నాకే తెలిసింది.

ఆ రోజు జకరయ్య శిబిరం పక్కన స్తూపం పీఠం చెక్కుతున్నాడు. ఉపన్యాసం అయ్యాక నా దగ్గరకు వచ్చాడు.

"మా గుట్ట మీద ఒకటున్నది సారు. జర వచ్చి చూడుండ్రి."

ఎందుకు చెప్పాడో నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ వారమే గుట్ట మీద ఒక క్రషర్ కంపెనీవాళ్లు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్లారని, లీజు కాగితాలు కలెక్టరాఫీసులో కదులుతున్నాయని, గుట్ట మొత్తం కంకరగా మారితే అతనికి రాయీ ఉండదు, ఇల్లూ ఉండదని తెలిసేది. అవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు కనబడుతున్నది నా గుహ ఒక్కటే.

మరునాడు పొద్దున్నే అతని వెనక సీతాఫలం పొదలు తప్పించుకుంటూ గుట్ట అవతలి వైపుకు ఎక్కాను. తూర్పు ముఖంగా రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పట్టేంత నోరు. నోట్లో రెండు స్తంభాలు. ఎడమది పూర్తయింది. అడుగున చదరం, దాని మీద ఎనిమిది పలకలు, ఆపైన పదహారు, ఆ పైన నాలుగు మూలల నుంచీ ఆకులు పొంగి పొర్లుతున్న కలశం, అన్నిటికంటే పైన బరువుకు అణిగిన దిండులా గుండ్రటి దిమ్మె. కుడి స్తంభానికి పైన దిండూ కలశమూ ఉన్నాయి, కిందంతా మొండి బండ. లోపల ఒక చిన్న గది. వెనక గోడ మీద దేవుడు ఇంకా రాలేదు. సింహం ముఖం మాత్రం ఉలి గీతల్లో ఉంది, నరసింహుడు రాయి లోపలి నుంచి బయటికి చూస్తూ మధ్యలో ఆగిపోయినట్టు.

ఆ దిండు, ఆ కలశం, ఆకుల మడత, అంతా ఎల్లోరా. ఏడో శతాబ్దం అనేశాను. రాళ్లు కొట్టే మనిషి పక్కనే ఉన్నాడు, వినే చెవులు దొరికాయి, ఇక ఆపలేదు. గుహను పైనుంచి కిందికి తొలుస్తారని, ముందు కప్పు తీర్చి, ఇంకా తొలవని బండ మీదే నిలబడి కిందికి దిగుతారని, అందుకే సగంలో ఆగిన స్తంభానికి తల ఉండి కాళ్లు ఉండవని వివరించాను. ఒకసారి పోయిన పెచ్చు మళ్లీ రాదని, తొలిచేవాడికి తప్పు చేసే హక్కు లేదని కూడా చెప్పాను. నలభై ఏళ్లుగా రాయి కొడుతున్న మనిషికి.

జకరయ్య తల వంచి విన్నాడు. "గంతే గదా సారు," అన్నాడు.

వెనక గోడ పొడవునా వరసగా అరచేయి లోతున సగం గుండ్రటి గాడులున్నాయి. కప్పులో కూడా ఒకటి ఉంది. వాటి సంగతి కాసేపు ఆలోచించాను. జకరయ్య ఏదో చెప్పబోయాడు. నేను చెయ్యెత్తి ఆపాను. దొరికింది: దీపాలు. గోడ వెంట దీపాల వరస, కప్పు నుంచి వేలాడే అఖండ దీపం. ఆ గుహలో పదమూడు వందల ఏళ్ల కిందటి నూనె వాసన నాకు తగిలింది. నిజంగానే తగిలింది, మనిషికి కావాలనుకుంటే ఏ వాసనైనా తగులుతుంది.

మా ఊళ్లో మదన్ మోహన్ అని ఒక విలేకరి. దీక్షా శిబిరం వార్తలు రాసి రాసి విసుగెత్తి ఉన్నాడు. జిల్లా పేజీలో సగం ఇచ్చాడు. 'మెదక్‌లో మరో ఎల్లోరా' అని శీర్షిక. స్తంభం బొమ్మ కంటే నా బొమ్మ పెద్దది. స్తంభాన్నే పెద్దది చేయమని నేను అడగలేదు. దీపాల వరస గురించి నా మాటలు యథాతథంగా వేశాడు. శిబిరంలో నన్ను నిలబెట్టి శాలువా కప్పారు. వారం తిరగకుండా కలెక్టరాఫీసులో లీజు కాగితాలు ఆగాయి. పురావస్తు శాఖవాళ్లు వచ్చి చూసి తేల్చేదాకా గుట్టను ముట్టుకోవద్దని. జకరయ్య కళ్లలో నా మీద ఏదో వెలుగు చూశాను. అది నా పాండిత్యానికనే అనుకున్నాను.

సమ్మె అయిపోయింది. నవంబరులో ఒక మంగళవారం హైదరాబాదు నుంచి ఆఫీసరు వస్తున్నట్టు కబురొచ్చింది. దానికి ముందు ఆదివారం, ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం, జకరయ్య, యేసమ్మ మా ఇంటికి వచ్చారు. అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆమె సంచీలోంచి సీతాఫలాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను వద్దంటున్న సారు. నా మాట ఇంటలేడు," అని మొదలుపెట్టింది యేసమ్మ.

అప్పుడు జకరయ్య చెప్పాడు. ఆ గుహ తొలిచింది అతని తాత మోషే. నిజాం సర్కారు వేరూల్ గుహలకు మరమ్మతులు చేయించిన కాలంలో ఇక్కడి రాతి పనివాళ్లను కొందరిని అక్కడికి తీసుకుపోయారు. వేరూల్ అంటే మనం ఎల్లోరా అనేది. తాత అక్కడ మూడేళ్లు విరిగిన స్తంభాలకు ఆనింపులు పెట్టాడు. ఆ దిండ్లు, కలశాలు చేతికి ఎక్కించుకుని తిరిగొచ్చాడు. ఇక్కడి దొరకు తన గుట్టలో నరసింహస్వామికి గుహ కావాలనిపించింది. తాత మొదలుపెట్టాడు. రెండేళ్లు వానల్లేక కరువొచ్చింది, దొర చేతులెత్తేశాడు, గింజలు ఇచ్చే చోటు మెదక్ పెద్ద చర్చి పని ఒక్కటే. తాత ఉలి సంచీ భుజానేసుకుని అటు పోయాడు. మళ్లీ గుట్ట ఎక్కలేదు. మొత్తం కలిపి వందేళ్లు కూడా నిండలేదు.

శైలిని బట్టి నేను చెప్పింది అక్షరాలా సరైనదే. కాలాన్ని బట్టి పన్నెండు వందల ఏళ్లు తేడా.

మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదని కొంచెం గట్టిగానే అడిగాను.

"మీరు చెప్పనిస్తిరా సారు?" అన్నాడు జకరయ్య.

గోడ మీది గాడులు ఏమిటని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "మందు కూరిన పొక్కలు. లోపలి అర్ర జల్ది కావాల్నని దొర పేల్చమన్నడట."

నా దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. తుపాకిమందు లేని ఏడో శతాబ్దంలో మందు పొక్కల వరస పెట్టి, వాటిలో నూనె పోసి, పత్రికలో అచ్చు వేయించుకున్నాను.

జకరయ్య అడగడానికి వచ్చింది ఒక్కటే. ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే గుహ కొత్తదని తేలిపోతుంది, గుట్ట క్రషర్‌కు పోతుంది. చెప్పకపోతే తాత పేరు పోతుంది. యేసమ్మకు ఇందులో సందేహం లేదు. "గుట్ట ఉంటదంటే మీ తాత జర సప్పుడు జేయకుండ ఉండలేడా? సచ్చి అరవై ఏండ్లాయె," అంది.

ఆమెది బతుకు లెక్క. నాది అదీ కాదు. తెలంగాణ గౌరవం అన్నాను, గుట్ట మీది నెమళ్లు అన్నాను, పర్యావరణం అన్నాను. పత్రికలో నా బొమ్మ గురించి మాత్రం ఎత్తలేదు. మరి తాత పేరు అన్నాడు జకరయ్య. మన ప్రాచీన శిల్పులు పేర్లు చెక్కుకోలేదని, అనామకంగా ఉండిపోవడమే మన కళ గొప్పతనమని చెప్పాను. పవిత్రంగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అలా మాట్లాడినవాణ్ని నేనొక్కణ్నే. జకరయ్య తల వంచి విని లేచాడు. మొద్దుగా పలికిందన్నమాట.

మంగళవారం ఆఫీసరు వచ్చింది. ముప్పై ఏళ్ల అమ్మాయి, కాన్వాస్ బూట్లు, చేతిలో టార్చి. నా కరచాలనం కంటే వేగంగా గుహలోకి దూరింది. ఎడమ స్తంభం ముందు చాలాసేపు నిలబడింది. నాకు ధైర్యం వచ్చింది. తర్వాత వెనక గోడకు పోయి ఒక గాడిలో వేలు పెట్టి, బయటికి తీసి, ఇవేమిటి సార్ అని అడిగింది. ఆమెకు తెలుసని ఆ అడగడంలోనే ఉంది.

దీపాలనడానికి నోరు రాలేదు. గుహ పాతదే, కానీ తర్వాత ఎవరో చేతకాని రాళ్లు కొట్టేవాళ్లు వచ్చి మందు పెట్టి పాడుచేసి ఉంటారు అన్నాను. ఆ కుడి స్తంభం కింద మొండిగా వదిలేసింది కూడా వాళ్లే కావచ్చు అన్నాను. నా శతాబ్దాన్ని కాపాడుకోవడానికి ఆ క్షణంలో దొరికినవాణ్ని తోసేశాను. అతని మనవడు నా వెనకే ఉన్నాడని గుర్తు రాలేదు.

జకరయ్య సుత్తి తీసుకుని ముందుకు వచ్చాడు. ఎడమ స్తంభం నడుము మీద మెల్లిగా తట్టాడు. గుహంతా గంట కొట్టినట్టు మోగింది. కుడి స్తంభాన్ని తట్టాడు. అదీ అలాగే మోగింది.

"మందు పేల్చినంక గూడ ఎక్కడ పగులు రాలే. చేతగానోడు పెడితే గిట్ల మోగుతదా మేడం?" అన్నాడు. "గా పొక్కలు మా తాతయి. స్తంభం గూడ మా తాతదే."

రుజువేమిటని అడిగిందామె. అతను మమ్మల్ని కిందికి తీసుకుపోయాడు. ఇంటి వెనక యేసమ్మ ఒక రోట్లో పచ్చడి నూరుతోంది. మొగుడి ముఖం చూడగానే విషయం అర్థమైంది కాబోలు, రోకలి ఠక్కున పక్కన పెట్టి, "చెప్పినవా? ఇగ కంకరల పండుదాం," అంది. అయినా చెంగుతో రోలు అంచు తుడిచింది. అంచు కింద చుట్టూ అదే కలశం, అదే ఆకులు. ప్రతి ఆకు కుడి కొన మీద ఒకే రకం చిన్న నొక్కు, గుహలో స్తంభం మీద ఉన్నట్టే. ఎనభై ఏళ్ల కింద తాత కోడలికి చెక్కిచ్చిన రోలు. ఆఫీసరు గుహలో గడిపినదానికంటే ఎక్కువసేపు ఆ రోటి దగ్గర చతికిలబడి కూర్చుంది. పచ్చడి కూడా రుచి చూసింది.

వెళ్లేముందు జకరయ్యతో, ఎల్లోరా బయట ఇంత మంచి చేయి తాను చూడలేదని చెప్పింది. కానీ నూరేళ్ల లోపు పనిని ప్రాచీన కట్టడంగా రాయలేనని కూడా చెప్పింది.

ఊళ్లో ఆమె ఆంధ్రా ఆఫీసరని, అందుకే మన గుహను కాదన్నదని పుకారు పుట్టింది. ఆమెది నల్గొండ. నాకు తెలుసు. నేను నోరు మెదపలేదు.

లీజు కాగితాలు మళ్లీ కదిలాయి. జనం అభిప్రాయం చెప్పడానికి జనవరిలో ఒక తేదీ వేశారు. నా చరిత్ర గుట్టను కాపాడలేదు, జకరయ్య నిజం అసలే కాపాడలేదు. కాపాడింది మేమిద్దరం లెక్కలోకి తీసుకోనిది. ఆఫీసరు నివేదికను మదన్ మోహన్ అచ్చు వేయలేదు. ఉందంటే వార్త గానీ లేదంటే ఎవరు చదువుతారన్నాడు. అందువల్ల జనానికి నా పాత వార్త ఒక్కటే తెలుసు. దాన్ని పట్టుకుని వాళ్లు గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. గోడ మీది గీతల సింహానికి సింధూరం పూశారు, వెండి కళ్లు అతికించారు. తాత స్తంభాలకు పసుపు రంగు ఎనామిల్ వేశారు. స్వామి సేవా సమితి ఒకటి పుట్టింది. జనవరిలో ఆ రోజు మూడు వందల మంది భజన చేసుకుంటూ వచ్చి కూర్చున్నారు. క్రషర్ మేనేజరు తానే పైకి వెళ్లి కొబ్బరికాయ కొట్టి, తూప్రాన్ దిక్కు ఇంకో గుట్ట చూసుకున్నాడు.

గుట్ట నిలిచింది. సమితి మొదటి తీర్మానం: దేవుడి గుట్ట మీద ఇకమీదట ఇనుము తగలకూడదు, రాయి తీయకూడదు. జకరయ్య సభలోనే ఉన్నాడు. నేను లేచి అతని బతుకు సంగతి ఎత్తాను. జకరయ్య మంచోడే సారు, కానీ దేవుడి గుట్ట కదా అన్నారు. ఇల్లు కదిలించబోమని మాత్రం మాటిచ్చారు. అప్పటినుంచి అతను పందిరి కింద లారీలో వచ్చే గ్రానైటు ముక్కలతోనే సిలువలు చెక్కుతున్నాడు. కొట్టి చూస్తే అన్నీ ఒకేలా మోగుతాయని చిరాకు పడతాడు.

రెండేళ్ల తర్వాత, రాష్ట్రం ఖాయమయ్యాక, సమితివాళ్లు గుహ ముందు ఒక శిలాఫలకం పెట్టాలనుకున్నారు. దానికి ఆ గుట్ట రాయే ఉండాలని, జకరయ్యకు ఒకే ఒక్క రాయి తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. రాత నాకు అప్పగించారు. నేను చేయగలిగిన మరమ్మతు అదొక్కటే అనుకుని, గుహ తొలిచినవాడు మోషే, కాలం సుమారు నూరేళ్లు అని రాసుకుపోయాను. నరసింహస్వామి గుహ మీద మోషే పేరెట్లా సారు అన్నాడు అధ్యక్షుడు, కోపంగా కాదు, ఇబ్బందిగా. నేను మతసామరస్యం గురించి ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. వెనక నిలబడ్డ జకరయ్య దగ్గాడు.

"గుహ తొలిచిననాడు ఆయన మోషే గాదుండ్రి. బక్కయ్య. చర్చి పనికి పోయినంక గదా బాప్తిస్మం."

అందరి ముఖాలూ విప్పారాయి. బక్కయ్య అంటే అభ్యంతరమేముంది? కాలం దగ్గర మాత్రం వాళ్లు ఒప్పుకోలేదు. పదమూడు వందల ఏళ్లని పేపర్లో రాసింది మీరే కదా సారు అంటూ ప్లాస్టిక్ తొడుగు వేసిన ఆ వార్త కాగితం తీసి నా ముందు పెట్టారు. నా బొమ్మ నన్నే చూస్తోంది. దాంతో నేను వాదించలేకపోయాను.

జకరయ్య పది రోజులు పట్టి ఆ రాయి ఏరాడు, పదిహేను రోజులు చెక్కాడు. చుట్టూ ఆకుల కలశం, ప్రతి ఆకు కుడి కొన మీద ఆ నొక్కు. మధ్యలో మూడు వరసలు. 'ఏడవ శతాబ్దపు గుహాలయం. చెక్కినవాడు బక్కయ్య. కనుగొన్నవారు' తర్వాత నా పేరు, డిగ్రీతో సహా. జూన్ రెండున ముసుగు తీశారు. యేసమ్మ తలకు చెంగు కప్పుకుని వచ్చి, ప్రసాదం చేతికి తీసుకుని, రెండో వరస దగ్గర కాసేపు నిలబడింది. "ముసలోడు ఆఖరికి గుట్ట ఎక్కిండు," అంది మొగుడితో.

మొన్న కాలేజీ పరీక్షలో స్థానిక చరిత్ర మీద ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక విద్యార్థి రాశాడు: ఎల్లోరా శైలిని మెదక్‌కు తెచ్చిన ఏడవ శతాబ్దపు మహాశిల్పి బక్కయ్య. సాయంత్రం అటు పోతూ ఆ కాగితం సంగతి జకరయ్యకు చెప్పాను. అతను సుత్తి ఆపాడు.

"మార్కులేసిండ్రా సారు?"

సగం వేశానన్నాను.

"సగమెందుకు?"

శతాబ్దం తప్పు కదా అన్నాను.

"గది మీ తప్పు గదా సారు," అన్నాడు. "పిలగానికెందుకు కోస్తరు?"

మరునాడు కాలేజీకి వెళ్లి ఆ కాగితం మళ్లీ తీసి, మిగిలిన సగం కలిపాను.